నాన్నకి ఏ జబ్బూ లేదండీ

అదే ఎందుకంటున్నాను డాక్టరుగారూ, ఇంకో పరీక్ష దేనికి? మీరడిగినవాటన్నిటికీ సరిగ్గానే చెప్పారు కదా. గడియారం బొమ్మ వెయ్యమంటే వేశారు. వందలోంచి ఏడేసి తీసేసుకుంటూ పొమ్మంటే, పక్కన కూర్చున్న నాకే లెక్క తప్పింది గానీ ఆయన ఎక్కడా ఆగలేదు. మరింకేం చూడాలి చెప్పండి?

తీసుకొచ్చింది నేనే కదా అంటారా? కాదండీ. ఆయనే నన్ను లాక్కొచ్చారు. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుని, "పదరా, ముదరకముందే చూపించుకుంటే మంచిదంటారు" అన్నారు. పెళ్ళిచూపులకి బయల్దేరినట్టు బయల్దేరారండీ, పాపం.

ఆ తలుపు సరిగ్గా పడిందా? ఆయనకి చెవులు మహా పదును. నేను కాస్త గొంతు తగ్గించి మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఇందాకట్నించీ మీరు "ఎప్పట్నించి గమనిస్తున్నారు" అనే అడుగుతున్నారు. నేను గమనించిందంటూ ఏమీ లేదండీ. నాన్నకి ఏ జబ్బూ లేదు. ఉందని నేనన్నాను. ఊరికే అన్నాను. ఆయన నమ్మారు.

మొదట్నించీ చెప్తాను, లేకపోతే మీకు అర్థం కాదు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. మాకు సెలవంటే గగనకుసుమం. ఎలాగో నాలుగు రోజులు దొరికాయి. ఎక్కడికన్నా వెళ్దామంటే నాన్న వెంటనే, "ఆ నగరం చూద్దాం" అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన అక్కడే పనిచేశారు. మా పిచ్చుకకి ఎప్పట్నించో మాటిచ్చారు కూడాను, తీసుకెళ్ళి చూపిస్తానని. పిచ్చుకంటే మా అమ్మాయండీ. నిద్రలో తప్ప నోరు మూయదని ఆయనే పెట్టిన పేరు.

సరే, నేనూ, మా ఆవిడా, పిల్లా, నాన్నా బయల్దేరాం.

మొదటి రోజు పార్కులోనే గడిచిపోయింది. ఎంత పార్కనుకున్నారు? మధ్యలో చెరువు, దాంట్లో కాళ్ళతో తొక్కే పడవలు. తాతా మనవరాలూ ఒక పడవెక్కారు. పిల్ల కాళ్ళు అందవు, ఈయనొక్కడే తొక్కాలి, పడవేమో గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతోంది. మా ఆవిడ గట్టుమీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నేనేమో చెట్టుకింద బెంచీమీద ఉన్నాను. పక్కన ఒకాయన, భార్యతో వచ్చాడు, ఇళ్ళకి ప్లాన్లు గీసే ఇంజినీరట. మెళ్ళో పెద్ద కెమెరా. మాటా మాటా కలిసింది. మీ నాన్నగారేం చేసేవారని అడిగాడు.

"హోటల్ లైన్లో ఉండేవారండీ" అన్నాను.

అబద్ధం కాదు కదండీ? ఆయన "ఓహో, హోటళ్ళా" అన్నాడు. బహువచనం ఆయన చేశాడు. నేను దాన్ని ఏకవచనం చెయ్యలేదు, అంతే.

మర్నాడు పాతపేట చూపించారు నాన్న. ఇరుకు వీధులు, పైకీ కిందకీ రాతిమెట్లు, మెట్లకి అటూ ఇటూ రంగురంగుల వసారాలు. ఆయన ముందు, మేం వెనక. ఇదిగో ఇక్కడ వాచీలు బాగుచేసేవాడుండేవాడు, అదిగో ఆ మేడమీద నలుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం... నడిచినంతసేపూ కబుర్లే. పిల్లకి చెప్పులు కరిస్తే ఆ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. ఒక్కచోట మాత్రం సందు తప్పారు. గోడ అడ్డం వచ్చింది. "ఈ గోడ నన్నడక్కుండా ఎవడు కట్టాడ్రా" అన్నారు. అందరం నవ్వాం.

ఇప్పుడు ఆ తప్పిన సందునే సాక్ష్యంగా చూపిస్తున్నారండీ. "చూశావా, నాకప్పటికే మొదలైంది" అని.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఆయన పనిచేసిన హోటలుకే వెళ్ళాం. పేరు అదే గానీ రూపం మారిపోయింది. అద్దాల తలుపులు, తెల్లటి బల్లగుడ్డలు, గ్లాసుల్లో పువ్వుల్లా మడిచిపెట్టిన రుమాళ్ళు. నాన్న గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, జుట్టు సవరించుకుని లోపలికొచ్చారు.

మా పక్క బల్ల దగ్గర ఎవరున్నారనుకున్నారు? ఆ ఇంజినీరూ, ఆయన భార్యా. చెయ్యూపారు. నేనూ ఊపాను.

మా ఆవిడా పిల్లా చేపల తొట్టి చూస్తామని అవతలికెళ్ళారు. వాళ్ళుంటే ఇది జరిగేది కాదేమో. ఏమో, జరిగేదేమో కూడా.

వెయిటరు కుర్రాడు వచ్చాడు. నాన్న మెనూ తెరవనైనా తెరవలేదు. సంతోషమొస్తే ఆయన గొంతు పెద్దదవుతుంది. "బాబూ, వంటిల్లు ఇంకా వెనకేనా? నేనిక్కడ గిన్నెలు కడిగేవాణ్ణి. వెనక ఒక కిటికీ ఉంటుంది చూడు, దాని పక్కన కూర్చుని మా ఆవిడ ఉల్లిపాయలు తరిగేది. అప్పటికింకా మా ఆవిడ కాదులే. మా మనవరాలికి ఒక్కసారి చూపిస్తావా?" అన్నారు.

ఆ కుర్రాడు అక్కడ కిటికీయే లేదన్నాడు. ఉంటుందని ఈయన. లేదని వాడు. నాన్న లేచి వంటింటివైపు నడిచారు. గోడ తడుముతూ, "ఇక్కడే, ఇదిగో ఇక్కడే ఉండాలి" అని. హాలంతా చూస్తోంది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఇంజినీరు భార్య చెంచా కిందపెట్టి నావైపు చూసింది. నా తల కొట్టేసినట్టయింది. నేను హోటళ్ళ వారసుణ్ణి కదండీ మరి.

గబగబా వెళ్ళాను. "ఏమనుకోకండి. నాన్నకి మతి సరిగా ఉండటం లేదు. ఏవేవో ఊహించుకుంటారు" అన్నాను.

అంత మాట ఎలా వచ్చిందంటే ఏం చెప్పను? ఆలోచించి అన్నది కాదు. కానీ చాలా తేలిగ్గా వచ్చిందండీ. నాలిక మీద సిద్ధంగా ఉన్నట్టు.

నాన్న చెయ్యి గోడమీదే ఉండిపోయింది. నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. మనం ఒకచోట పెట్టిన వస్తువు అక్కడ లేకపోతే ఎలా చూస్తాం, అలాగ.

ఆ తర్వాత అందరూ ఎంత మంచివాళ్ళయిపోయారో. మేనేజరు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. చంటిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా సాగదీసి, "ఏం తింటారు తాతగారూ" అని అడిగాడు. చివర్లో వాళ్ళంతట వాళ్ళే ఓ గిన్నెడు ఐస్‌క్రీమ్ పంపించారు. నాన్న ముట్టుకోలేదు. కరిగిపోతోందని నేనే తినేశాను.

ఇంజినీరు వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. "మీ ఓపికకి దండం పెట్టాలండీ. ఈ రోజుల్లో ఇలాంటి కొడుకులెక్కడ" అన్నాడు.

ఆ మెప్పు కూడా పుచ్చుకున్నానండీ. థాంక్స్ అన్నాను.

ఆయన తిడతారని ఎదురుచూశాను. గదికెళ్ళాక తిడతారనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు పూలతోటకి వెళ్తే, రోడ్డు దాటేటప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ ఎవరి చెయ్యీ పట్టుకునే మనిషి కాదు. అలిగారేమో, ఎత్తిపొడుస్తున్నారేమో అనుకున్నాను. లోపల్లోపల నాక్కూడా కాస్త కోపమొచ్చింది, నిజం చెప్పాలంటే. మాటన్నవాణ్ణి నేను, మళ్ళీ కోపం కూడా నాకే.

రైల్లో తిరిగొస్తున్నప్పుడు, పిల్ల ఒళ్ళో నిద్రపోయాక నాన్న మెల్లిగా అన్నారు. "నాకు చెప్పకుండా ఎంతకాలంగా దాచుకున్నావురా? నీలో నువ్వే ఎంత కుమిలిపోయుంటావో."

నన్ను చూసి జాలిపడ్డారండీ.

తిట్టుంటే బతికిపోయేవాణ్ణి. రెండు తగిలించినా బాగుండేది. ఆయన బుర్రకి ఒక్కటే తట్టింది. మావాడు నలుగురిలో అంత మాటన్నాడంటే నిజమై ఉండాలి, వాడు ఊరికే అనడు అని. ఎత్తిపొడుపూ లేదు, అలకా లేదు. నమ్మారు.

ఇంక అక్కణ్ణించి చూడండి నా అవస్థ. కూరలో ఉప్పు వేసుకునే ముందు "ఇందాక వేసుకున్నానా" అని అడుగుతారు. పొయ్యి ఆపి, మళ్ళీ వెళ్ళి చూసి, మళ్ళీ వెళ్ళి చూస్తారు. ఎవరికైనా కబురు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఇది నిజంగా జరిగిందేనా" అని నావైపు చూస్తారు. పిచ్చుకని బడి నుంచి ఆయనే తీసుకొచ్చేవారు రోజూ. మానేశారు. "నేను తప్పిపోతే పోయాను, చేతిలో పిల్లుంటుంది కదరా" అన్నారు. అది గేటు దగ్గర నిలబడి తాతయ్యేడని అడుగుతుంది. తాతయ్యకి ఒంట్లో బాగోలేదని చెప్తున్నాం.

ఇదంతా నేనాడిన అబద్ధమని మా ఆవిడకీ తెలీదండీ. ఆయనే స్వయంగా చెప్పారు ఆమెకి, ఫలానా జబ్బని. అప్పట్నించీ చాటుగా ఏడుస్తోంది. అగ్గిపెట్టెలు పైఅరలోకి మార్చింది. ఆయన చూస్తుండగానే మార్చింది. ఆయన స్టూలు తెచ్చి పట్టుకున్నారు, పడిపోతుందని.

నేనేమో తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను ఇంట్లో.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు. అబద్ధమని చెప్పడం ఎంతసేపండీ? కానీ ఎందుకాడానో కూడా చెప్పాలి కదా. నువ్వు కడిగిన గిన్నెలతో పెరిగి పెద్దవాణ్ణయి, ఆ గిన్నెలంటేనే సిగ్గుపడ్డాను నాన్నా అని చెప్పాలి. జబ్బనుకుంటే ఆయనకి భయం. అంతే కదా, భయానికి మందుంటుంది. ఇది తెలిస్తే? దానికేం మందిస్తారు మీరు?

అందుకే దారి పొడుగునా ఒకటనుకుంటూ వచ్చాను. మీరు ఏవో బలం బిళ్ళలు రాసిచ్చి, "ఇది మొదట్లోనే పట్టుకున్నాం, నెల తిరిగేసరికి నయమైపోతుంది" అనండి. ఆయన నమ్ముతారు. ఇంట్లో అందరూ నమ్ముతారు. పాము చావదు గానీ, కర్ర మాత్రం విరగదు. ఏమంటారు?

అలా చూడకండి. సరే, అనరు. మీరనరని తెలుసు. అడిగి చూశాను.

ఇంకొకటుంది. అది కూడా చెప్పేస్తాను, మీరెలాగూ నన్ను మనిషి కింద లెక్కెయ్యడం మానేసినట్టున్నారు.

నిన్న మధ్యాహ్నం మా అమ్మ ఫోటో గోడమీంచి దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ పోయి చాలాకాలమైంది, నా పెళ్ళికి ముందే. నన్ను పిలిచారు. "ఒరే, మీ అమ్మ ఆ హోటల్లో పనిచేసినట్టు నాకు గుర్తు. ఉల్లిపాయ మండితే మోచేత్తో కళ్ళు తుడుచుకునేది. నేను చూస్తూ ఉండిపోయేవాణ్ణి. అది జరిగిందా? లేక అదీ నా ఊహేనా? ఆ కుర్రాడు కిటికీయే లేదన్నాడు కదా. మీ అమ్మ నీకెప్పుడన్నా చెప్పిందా?"

చెప్పిందండీ. ఒకసారి కాదు. వంటింట్లో నేను పీట పక్కన కూర్చుంటే చెప్పేది. తను తలెత్తి చూస్తే చాలు ఈయన చేతిలోంచి పళ్ళెం జారేదట. విరిగిన ముక్కలు ఎవరూ చూడకుండా ఉల్లితొక్కల కింద తనే దాచేదట. "మీ నాన్న అలా ఎన్ని పగలగొట్టాడో ఆ దేవుడికే తెలియాలి" అని నవ్వేది. ఆ కిటికీ ఏ రంగో కూడా నాకు తెలుసు. ఆకుపచ్చ. అద్దాల తలుపులు పెట్టినప్పుడు ఎవరో దాన్ని మూసేసి గోడ కట్టేసుంటారు, అంతే కదా జరిగుంటుంది.

ఇప్పుడది తెలిసినవాళ్ళు ఆయన కాకుండా నేనొక్కణ్ణే.

చెప్పిందంటే, మరి హోటల్లో ఎందుకలా అన్నావని అడుగుతారు. అందుకని, "నాకెప్పుడూ చెప్పలేదు నాన్నా" అన్నాను.

"అయితే ఊహేనేమో. పోన్లే, మంచి ఊహే" అన్నారు. ఫోటో తుడిచి మళ్ళీ గోడకి తగిలించారు. ఇవాళ పొద్దున్న గడ్డం గీసుకుని, డాక్టరు దగ్గరికి పదమన్నారు.

అదండీ సంగతి.

ఆయన్ని లోపలికి పిలుస్తానంటారా? పిలవండి. లేదు, నేను బయటికి వెళ్ళను, ఇక్కడే ఉంటాను. మీరేమీ చెప్పొద్దు, నేనే చెప్తాను. ఇంట్లో చాలాసార్లు ఇలాగే అనుకున్నాను. తీరా ఎదురుగా నిలబడేసరికి "భోంచేశావా నాన్నా" అని అడిగి ఊరుకున్నాను. మీ ముందైతే ఆ మాట అడగలేను కదా.

ఇవాళ్టి తర్వాత ఆయన నాతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోతే మటుకు, ఈసారి దాన్ని జబ్బనడానికి వీల్లేదు కదండీ.