వన్స్ మోర్

ఏమిటే, మీ ముత్తాత నాటకాలు ఆడించేవాడని ఎవరు చెప్పారు నీకు? మీ అమ్మా? దానికేం తెలుసు, అప్పటికి నాకే పదేళ్ళు. ఆడించేవాడులే, నిజమే. బళ్ళో లెక్కల మాస్టారే గానీ ఊరంతా డ్రామా మాస్టారనే పిలిచేది. మంచి మనిషమ్మా మా నాన్న, ముందు ఆ సంగతి మనసులో పెట్టుకో, తర్వాత తిట్టుకుందువుగాని. ఆ ఏడు ఎక్కడో దూరదేశంలో కరువొచ్చింది. పిల్లలు పుల్లల్లా అయిపోయారని పేపర్లో ఫొటోలేశారు. మా వరండాలో రోజూ అదే చర్చ. పోస్టుమాస్టరుగారు "పెంచలేనివాళ్ళు అంతమందిని కనడం దేనికండీ?" అనేవాడు. ఆయనకే ఏడుగురు! పక్కింటావిడ ఫొటో చూసి కళ్ళొత్తుకుని, "ఆ పేపరు అవతల పెట్టండి బాబూ, ఇంక ముద్ద దిగదు నాకు" అనేది. నాన్నకి మాత్రం నిజంగానే మనసు ఊరుకోలేదు. నాటకం వేద్దాం, టిక్కెట్ల డబ్బు ఆ పిల్లలకి పంపిద్దాం అన్నాడు.

నాటకంలో ఆకలిపిల్ల ఒకర్తె ఉండాలిగా. మా ఇంటి మెట్ల కింద ఒకావిడ బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది. మొగుడు పనికని వెళ్ళి మరి రాలేదు. ఆవిడ కూతుర్ని చూసి నాన్న, "ఇదిగో, దొరికింది! దీనికి మేకప్పు కూడా అక్కర్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకు అక్కర్లేదో ఒక్కరికైనా తట్టిందా? లేదు. తల్లేమో మురిసిపోయింది, "మా పిల్ల స్టేజీ ఎక్కుతుందా మాస్టారూ!" అని. గౌను శుభ్రంగా ఉతికి, మడత నలక్కుండా ఇస్త్రీ చేసి తెచ్చింది. నాన్న దాన్ని నలిపి, మసి పూసి, అక్కడక్కడా చింపాడు.

హాలు కిటకిటలాడింది. ప్లీడరుగారు ముందు మాట్లాడాడు, గొంతు సవరించుకుని, "ఇటువంటి దౌర్భాగ్యం మన ఊళ్ళో లేనందుకు మనమెంత అదృష్టవంతులం!" అని. చప్పట్లు. తర్వాత ఆకలిపిల్ల సీనొచ్చింది. దాత వేషం వేసినాయన బన్ను ఇస్తే పిల్ల ఒక్క ముక్క కొరికి, చేతులు జోడించి డైలాగు చెప్పాలి. అది డైలాగేం చెప్పలేదు. బన్నుని రెండు చేతులా పట్టుకుని ఆబగా తినేసి, ఒళ్ళో రాలిన పొడి కూడా ఏరుకు తింది. హాలంతా ముక్కులు చీదుకోవడమే. "అబ్బ, ఎంత సహజంగా చేసిందమ్మా!" అని మా వెనకావిడ. ఎవడో "వన్స్ మోర్!" అన్నాడు. ఇంక ఊరుకుంటారా, అందరూ వన్స్ మోరే. నాన్న ముఖం చూడాలి అప్పుడు, వెలిగిపోతోంది. తెర పక్కనుంచి ఇంకో బన్ను పంపాడు. అదీ తింది. మళ్ళీ వన్స్ మోర్. మూడోది తింటుంటే పిల్లకి డోకొచ్చింది, అయినా బన్ను వదల్దే! అప్పుడు వెనక బెంచీల్లోంచి వాళ్ళమ్మ లేచి వచ్చింది. అరవలేదు. నాన్న దగ్గరికెళ్ళి మెల్లిగా, "ఇంక చాలండి మాస్టారూ. నిన్నటినుంచి ఖాళీ కడుపు, ఒక్కసారిగా తింటే పడదు" అంది. ముందు వరసలో ఉన్నాం కాబట్టి మాకు వినపడింది. వెనకవాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చి నాన్న అన్నం గిన్నె తనే మెట్ల కిందకి తీసుకెళ్ళాడు. ఆవిడ వద్దందనుకుంటున్నావు కదూ? తీసుకుంది. ఎందుకు తీసుకోదు, ఆకలి కదా. అక్కడితో అయిపోతే బాగుండేది. ఊళ్ళో ఆ పిల్లకి కరువుపాప అని పేరు పెట్టేశారు. పిల్లలు బిస్కట్టు చూపించి "వన్స్ మోర్" అని వెంటపడేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా నవ్వేవాళ్ళే. ఇటు మేం పంపిన డబ్బుకి పేపర్లో ఊరి పేరు పడిందని స్వీట్లు పంచుకున్నారు. ఒకరోజు చూస్తే మెట్ల కింద ఎవరూ లేరు.

ఆవిడ పక్క పట్నంలో ఏదో లాండ్రీలో ఉందని తెలిసి నాన్న వెళ్ళాడు, తప్పయిపోయిందని చెప్పడానికి. ఆవిడ కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. పిల్ల మాత్రం ఈయన్ని చూడగానే బట్టల మూటల వెనక్కి నక్కి, "మళ్ళీ తినాలా మాస్టారూ?" అని అడిగిందట. మా అమ్మకి ఆ మాట చెప్తూ చెప్తూ నాన్న గోడవైపు తిరిగిపోయాడు. మరి...

ఊఁ. లేవ్వే, డాబా మీద దుప్పట్లు ఆరాయేమో చూడు.