గునుగు పూల చాలు

పచ్చిగడ్డిలో కొడవలి కరకరమన్న చప్పుడు ముందు వినబడింది. నాగోలులో మూసీ ఒడ్డున పశువుల గడ్డి పెంచి అమ్మే ఆమె, తన మడిలోకి పరుగున వచ్చింది. రోజూ గడ్డి కొనుక్కుపోయే కొత్తపేట పాలాయన, గడ్డి మధ్య వరుసగా పూసిన గునుగు పూల చాలు మీద వంగి ఉన్నాడు.

“ఆగన్నా! గా పూలు కోయకు. ఇంక గింజ రాలలే.”

“మిగతా మడంతా కోసేశాం కదమ్మా. సమ్మెతో గడ్డి లారీ రాలేదు. ఈనిన ఆవు పస్తుంటోంది. నీ పూలు నేనేం మింగేస్తానా?”

“నువ్వు గాదు, నీ ఆవు మింగుతది.”

“అసలు మేతలో పూల గింజలెవరు చల్లారమ్మా?”

“నా కొడుకు. తేనెటీగలు, పిట్టలు బతకాలె అన్నడు. పోయినేడు తెలంగాణ ఊరేగింపుకు పోయి, తొక్కిసలాటల పానం ఇడిసిండు.”

అతడు కొడవలి దించాడు.

“తెలీదమ్మా. ఇవాళ పెద్దల అమావాస్య కదా, బియ్యం ఇచ్చావా?”

“ఇయ్యలే. పెత్రమాస బియ్యం పేరు చెప్పి ఇయ్యాలె. చెప్తే వాడు నిజంగ పోయినట్టే గదన్నా.”

“మావైపు పోయినవాళ్ల పేరు చెప్పి ఆవుకు గడ్డి పెడతాం. నీకు కష్టమైతే వద్దులే, వెళ్తాను.”

ఆమె పూల వరుస మధ్యకు వెళ్లి నిలబడింది.

“ఆగు. ఈ చాలుల సగం తేనెటీగలకు ఇడువు. సగం కోసి నీ ఆవుకు పెట్టు.”

“ఎవరి పేరున పెట్టమంటావమ్మా?”

ఏడాదిగా ఆమె ఇంట్లో ఎవరూ పలకని పేరు, ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది.

“నా కొడుకు... లింగస్వామి.”