జవాబు తెలిసిన ప్రశ్న

ప్రాక్టీసు మానేసిన ఆ ప్లీడరు, కూతురి సెలూన్‌లో అద్దం ముందు కూర్చున్నాడు.

"నల్లకోటు వేసుకుంటావని లా చదివిస్తే కత్తెర పట్టావు. ఆ చదువంతా బూడిదలో పోసిన పన్నీరే కదమ్మా."

"అలా అనకు నాన్నా. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ రోజూ పనికొస్తోంది."

"ఏమిటో అది?"

"జవాబు తెలియకుండా సాక్షిని ప్రశ్న అడగకూడదని. మీ ఆయన కులాసానా అని ఊరికే అడిగితే, ఈ కుర్చీలోనే భోరుమన్నవాళ్లున్నారు."

దువ్వెనకు చిక్కిన జుట్టును ఆమె గుప్పిట్లో దాచుకోవడం ఆయనకు అద్దంలో కనబడింది.

"అందుకేనా, మోకాలి నొప్పికని ఆస్పత్రికి వెళ్లొస్తుంటే నన్నేమీ అడగవు?"

"కాదు నాన్నా. మోకాలి మందుకు జుట్టిలా ఊడదు. జవాబు తెలిసే అడగలేదు."