సముద్రాలు మేడం ఆడనియ్యని ఆట

సముద్రాలు ఉందే, ఆ పిల్ల పొడుగంటే పొడుగు. సముద్రం ఒడ్డున పల్లెపాలెం వాళ్లది, నాన్న వేటకి పొయ్యేవాడు. సాయంత్రమయితే మొగపిల్లలు ఇసకలో రెండు గుంజలు పాతి, చినిగిన వలొకటి కట్టి వాలీబాల్ ఆడేవాళ్లంట. ఈ పిల్ల బయట నిలబడి చూసేది. బంతి తన కాడికొస్తే అందరి మాదిరి ఎత్తి ఇచ్చేది కాదు, ఒక్క గుద్దు గుద్దేది. అది వల దాటి, ఆడేవాళ్లని దాటి, పోయి పడవల్లో పడేది. చేపలు కొనుక్కోను వచ్చిన హైస్కూలు డ్రిల్లు మాష్టారు ఒకనాడు అది చూశాడు. నేరుగా వాళ్ల నాన్న కాడికి పోయి, నీ కూతుర్ని నాకొదులు, ఆటగత్తెని చేస్తానన్నాడంట. ఆయన వల బాగు చేసుకుంటా తలెత్తకుండా "ఎగిరితే కూడు పెడతారా మాష్టారూ?" అన్నాడు. పెడతారంటే, "అయితే తీసకపో. ఇంట్లో ఉంటే రోజూ ద్వారబంధం తగిలి నుదురు బొప్పి కడతంది" అన్నాడంట. నవ్వుతారేంది, నిజంగానే అన్నాడు.

ఇక జిల్లా ఆడింది, రాష్ట్రం ఆడింది. వల మీద లేచిందంటే అవతలోళ్లు బంతిని చూడటం మానేసి ఈమెనే చూసేవాళ్లంట. అట్టాంటిది, ఒక ఫైనల్లో ఏమైందంటే, దిగేటప్పుడు మోకాలు మడత పడింది. లేవలేకపోయింది. అప్పటి కోచి తన తువ్వాలు చించి మోకాలికి బిగించి కట్టి, "ఒక్క గేము తల్లీ, ఒక్క గేము ఓర్చుకో" అన్నాడు. ఓర్చుకుంది. కప్పొచ్చింది, పేపర్లో బొమ్మొచ్చింది. మోకాలు మాత్రం పోయింది. ఆ తర్వాత ఆమె మెట్లెక్కడమే గాని, ఎగిరింది లేదు. కాని ఆ కప్పు తాలూకు సర్టిఫికెట్టు చూసి గదా ఆమెకి ముందు బడిలో పని ఇచ్చారు, ఆనక టౌన్లో డిగ్రీ కాలేజీలో కోచిగా తీసుకున్నారు. ఇది గుర్తు పెట్టుకోండి, దీనితో పని పడిద్ది.

కాలేజీలో చేరేనాటికి ఆడపిల్లల టీమంటే పేరుకే అనుకోండి. చున్నీలు నడుముకి కట్టుకుని, గోళ్లు విరుగుతాయని బంతి తాకేవాళ్లు కాదంట. వాళ్లని తిట్టి, బుజ్జగించి, ఇళ్లకి పోయి అమ్మల్ని బతిమాలి, ఎట్టాగో టీము చేసింది. అందులో యేసుమణి అని ఒక పిల్ల. అద్దంకి కాడ పల్లెటూరు, తల్లి పొగాకు ఆరబెట్టే బేరన్లో పనిచేసుద్ది. ఆ పిల్ల షాటు కొడితే చప్పుడు ఆఫీసు గదిలోకి వినపడేదంట. ఆ యేడు యూనివర్సిటీ ఫైనల్ దాకా వచ్చారు. ప్రిన్సిపాలు పిలిచి, "కప్పు తెండి మేడం, మీ ఉద్యోగం పర్మినెంటు చేయించే పూచీ నాది" అన్నాడు. ఈమె పొంగిపోయింది. పొంగదా మరి?

సెమీఫైనల్ గెలిచారు. గెలిచినాక చూస్తే యేసుమణి మోకాలు వాచి గుమ్మడికాయ మాదిరుంది. సముద్రాలు చెయ్యేసి చూసింది. ఆ వాపు ఆమెకి కొత్తదా? "రేపు నువ్వు ఆడొద్దు" అంది. ఆ పిల్ల తెల్లబోయి, "అదేంది మేడం, రేపు సెలెక్టర్లు వస్తన్నారు, రేపు కనబడితే నాకు పోలీసులో ఉద్యోగం వచ్చిద్ది, మా అమ్మ పని మాన్పిస్తాను, గట్టిగా కట్టెయ్యండి, నొప్పి ఓర్చుకుంటా" అంది. ఈమె ఒద్దంది. పిల్ల ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. ఆఖరికి కోపమొచ్చి ఏమందో తెలుసా? "మీరు ఆడారు గదా మేడం. ఆడబట్టే గదా ఈ కుర్చీలో ఉన్నారు. మీకొచ్చిన కూడు నాకు రాకూడదా?"

ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుంది? తువ్వాలు కట్టిన ఆ కోచిని సముద్రాలు యేనాడన్నా తిట్టుకుందా అంటే, సగం రోజులు తిట్టుకుంది, సగం రోజులు దణ్ణం పెట్టుకుంది. అయినా తెల్లారి పిల్లని బెంచీ మీదే కూర్చోబెట్టింది. ఆఖరి గేము దాకా లాక్కొచ్చి, చివర్లో ఓడిపోయారు. ఆట సాగినంతసేపూ యేసుమణి తలొంచుకునే ఉంది. బస్సులో ఈమె పక్క సీటు ఖాళీగా ఉంటే, నిలబడొచ్చింది గాని కూర్చోలేదంట. వాచిన కాలితోనే.

ప్రిన్సిపాలు ఏమీ అనలేదు. ఎండాకాలం సెలవులైనాక మళ్లీ రమ్మని కూడా అనలేదు. యేసుమణి వేరే ఊరు కాలేజీకి మారిపోయింది. సముద్రాలు తిరిగి తిరిగి, చివరికి రాళ్ల క్వారీల కాడ ఒక చిన్న కాలేజీలో చేరింది. ఆడ గ్రౌండంటే ఏంది, అంతా రాతి ముక్కలు. కోచి ఉద్యోగం అంటే ముందు తట్ట పట్టుకుని రాళ్లు ఏరడమే అయింది. ఏరింది. పిల్లల్ని పోగేసింది. మళ్లీ చున్నీలు, మళ్లీ గోళ్లు, అన్నీ మొదట్నుంచి.

అట్టా ఉండంగా ఒక టోర్నమెంటులో ఈమె టీముకి ఎదురుపడింది ఎవరనుకున్నారు? యేసుమణే. మోకాలు మానింది. లేచి కొడతంటే ఈ పిల్లలు బెదిరి పక్కకి తప్పుకుంటన్నారు. పాయింట్లు పోతన్నాయి. "మేడం, ఏదన్నా చెప్పండి మేడం!" అని పిల్లలు అరుస్తన్నారు. మేడమేమో బంతిని చూడట్లేదు, వల అవతల ఆ పిల్ల దిగే కాళ్లనే చూస్తా నిలబడింది.

ఆట అయిపోయింది, వీళ్లు ఓడారు. యేసుమణి దగ్గరికొచ్చింది. దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు. చెమట తుడుచుకుంటా, "బాగా లేస్తన్నానా మేడం?" అంది. "లేస్తన్నావు. దిగేటప్పుడు బరువంతా ఒక కాలు మీదే ఏస్తన్నావు. రెండు కాళ్ల మీదా దిగు" అందీమె. "సరే మేడం" అని పిల్ల వెళ్లిపోయింది. అంతే మాట.

ఆ పిల్లకి పోలీసు ఉద్యోగం వచ్చిందా అంటారు. వచ్చింది, మూడేళ్లు ఆలస్యంగా. ఆ మూడేళ్లూ వాళ్లమ్మ పొగాకు దుమ్ము పీలుస్తానే ఉంది, అదీ చెప్పాలి గదా. చేసింది సరైన పనేనా అని సముద్రాలు మేడాన్ని నేనే ఒకసారి అడిగా. "నువ్వు చెప్పు పెద్దయ్యా" అని నా మీదికే తోసింది. నాకేం తెలుసు? నేను కథ చెప్పేవాణ్ణి, బెంచీ మీద కూర్చునేవాణ్ణి. లేచి కొట్టమంటే నా నడుం పట్టుద్ది.