ముగింపు రాయను

మళ్ళీ ఎర్ర ఇంకేనా మాస్టారూ? మూడోసారండి ఇది! "వెంకటదుర్గగారూ, ముగింపు ఏదీ?" అని ఇంతింత అక్షరాలతో రాసేరు. మర్చిపోయి కాదండీ. రాయలేదు. రాయను.

ఆయ్, కూర్చుంటాను. కానీ నన్ను చెప్పనివ్వండి.

మీరు చెప్పినవన్నీ చేసేనా లేదా? ఉపోద్ఘాతంలో స్త్రీ విద్య అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పమన్నారు, చెప్పేను. విషయ విశ్లేషణలో పేరాకి ఒక్క సంగతే ఉండాలన్నారు, అలాగే విడగొట్టేను. సైడ్ హెడ్డింగుల కింద గీతలు కూడా కొట్టేను, స్కేలు పెట్టి! వ్యాసంలో 'నేను' అని రాయకూడదన్నారు. ఏడో తరగతిలో మా నాన్నగారు నన్ను మాన్పించిన సంగతి కొట్టేసి, 'కొందరు తల్లిదండ్రులు' అని మార్చేను. మా నాన్నగారు కొందరైపోయేరండి, ఏం చేస్తాం!

నలభై ఒకటి నాకు. పదకొండేళ్ళుగా అంగన్‌వాడీలో ఆయాని. మా టీచరమ్మగారు రిటైరవుతున్నారు, ఆ పోస్టు నాకు రావాలంటే పదో తరగతి పాసవ్వాలి. అప్పనపల్లి నుంచి ప్రతి ఆదివారం ఆటో ఎక్కి రాజోలు మీ ఓపెన్ స్కూలు క్లాసుకి ఎందుకొస్తున్నాననుకున్నారు? కిందటిసారి తెలుగు నాలుగంటే నాలుగు మార్కుల్లో పోయింది. వ్యాసం ఖాళీగా వదిలేసేను కదా. గురువారం మళ్ళీ పరీక్ష. ఇవన్నీ నాకు తెలీవా?

ఏంటీ? గైడులో ముగింపు చూసి రాసెయ్యమంటారా? "కావున ప్రతి తల్లీ తన కుమార్తెను తప్పక చదివించాలి." కంఠతా వచ్చండి నాకు! నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. అందరూ అదే రాస్తారు, అదే మార్కులేస్తారు. తెలుసండీ.

మా పద్మశ్రీ ఉంది కదండీ, మా పెద్దమ్మాయి. ఇంటి దగ్గర ఈ పుస్తకం దిద్దేది అదే. వాళ్ళ మామ్మకి జావ పట్టి, పక్కబట్టలు మార్చి, అప్పుడు నా పక్కన కూర్చుంటుంది. "అమ్మా, ఇది కారణం, ఇది ఉదాహరణ, రెండూ కలిపెయ్యకు" అని విడమర్చి చెబుతుంది. మీకంటే బాగా చెబుతుందండి, కోపం తెచ్చుకోకండి.

పదిలో ఐదొందల పదకొండు వచ్చేయి దానికి. అప్పుడే మా అత్తగారు మంచం పట్టేరు. మా ఆయన మస్కట్‌లో, నాకేమో అంగన్‌వాడీ. ఇంట్లో ఒకరుండాలి కదా. "ఈ ఒక్క ఏడూ ఆగవే" అన్నాను. మూడేళ్ళయిపోయింది.

పవనా? మా అబ్బాయి కాలేజీకి వెళ్తున్నాడండి. వాణ్ణి ఆపాలన్న ఆలోచన రాలేదు నాకు. ఒట్టండి, ఒక్కసారి కూడా రాలేదు.

దాన్ని మాన్పించింది ఏ కొందరూ కాదు, నేనే. ఇప్పుడు ఆ వాక్యం రాసి, తప్పులు చూడవే అని దాని చేతికి ఎలా ఇవ్వనూ? తిడితే పడతాను. తిట్టదు. ఒత్తులు సరిచేసి, "బాగుందమ్మా" అంటుంది. అదండీ నా భయం.

సున్నా వేసుకుంటారో, క్లాసుకి రావద్దంటారో మీ ఇష్టం. ఈ పుస్తకంలో మాత్రం ఆ ముక్క రాయను మాస్టారూ.

గురువారం పరీక్ష హాల్లోనా? అక్కడ రాసేస్తానండి. అది చూడదు కదా.