తట్టని మైకు

దాన్లోకి ఊదమాక అజయ్ బాబూ, పాడవుద్ది. మన మందిరంలో మైకు లాంటిది కాదది. ఏంటి తేడా అంటావా? పాతదాంట్లో తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. గొంతు తోస్తే కరెంటు తనే పుట్టించుకుంటది. మన అబ్రహాము ప్రార్థనకి ముందు దాన్ని టకటకా తట్టి, 'హలో, హలో' అని, ఆనక దగ్గేవాడు. దానికేం కాలా. ఈ కండెన్సర్ మైకులో రెండు రేకులుంటాయి. వెనకది కదలదు, ముందుది ఉల్లిపొర కన్నా పల్చన. మధ్యన సన్న సందు. బయట నుంచి కరెంటిచ్చి నిలబెట్టాలి. మాట తగిలితే పొర వణుకుద్ది, సందు మారుద్ది, దాన్నిబట్టి కరెంటు మారుద్ది. ఆ మార్పే గొంతు. కరెంటు ఇవ్వకపోతే మూగది.

నాకెవరు చెప్పారా? తెనాల్లో రికార్డింగు కుర్రాడు, రాజ్ కుమార్. మీ సామ్రాజ్యం మామ్మని తీసుకెళ్లాం. చుండూరు పొలాల్లో నాట్లేస్తా తనే కట్టుకున్న పాట, ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఈ గట్టున పాడితే ఆ గట్టున వినబడే మనిషి, జబ్బు చేసి గొంతు దారప్పోగైంది. 'గుసగుసలాడినా పట్టుద్ది మామ్మగారూ, ముట్టుకోమాకండి' అన్నాడు. పక్కగదిలో తలుపేసి అబ్రహాము డోలక్కు, దానికి వేరే పాతరకం మైకు. మధ్య గోడకున్న అద్దంలోంచి ఈమె నోరు చూస్తా వాయించాడు. ఈమె ఎదురుగా పాడతంటే కుర్రాడు రికార్డవుతుందనే అనుకున్నాడు. నాకు అన్నీ వివరంగా చెప్పినోడు, దానికి కరెంటిచ్చే బటను నొక్కలా. ఒక్కసారి తడితే తెలిసేది. బతుకంతా మైకులు తట్టినోళ్లం, ఖరీదైందంట, సున్నితమంట, చేతులు కట్టుకు నిలబడ్డాం. మన గౌరవం తగలెయ్య.

పాటయ్యాక పెట్టి వింటే ఆమె గొంతే పడలా. మళ్లీ పాడమంటే ఆయాసం. 'వచ్చే ఆదివారం వస్తాలే నాయనా' అని ఆ కుర్రాణ్ణే ఓదార్చింది. ఆ ఆదివారానికి సమాధుల తోటలో ఉంది.

డోలక్కొక్కటే మిగిలింది. అప్పుడప్పుడు ఆ రికార్డు పెట్టుకు వింటా. పిచ్చోడివా, ఏముంది అందులో అంటారు. అబ్రహాము చెయ్యి ఆగిన చోటల్లా ఆమె ఊపిరి తీసుకుంది. అక్కడ ఆమె ఉందబ్బాయ్. ఇంకెక్కడా లేదు.

ఆమె మనవరాలికి సగం పాట వచ్చు. ఆ డోలక్కు మీదే పాడిద్దామన్నావుగా, మరి బటను నొక్కావా? వెలిగిందా? అయినా ఓసారి తట్టు. పాడైతే పాడైంది, తట్టవయ్యా.

ఆఁ. క్రిస్టినా, రా అమ్మా. డోలక్కు ఆగిన చోట నువ్వూ ఆగు.