చేప గిన్నె జీర

ఆగాగు, దాన్ని గోటితో కొట్టకు! ముందు కింద పెట్టు. బల్ల మీద కాదే తల్లీ, ఇదిగో, ఈ తువ్వాలు మీద. ఆఁ, అలా. ఏమన్నావు? కాస్త గట్టిగా చెప్పు, నీది మరీ పిల్లగొంతు, పక్కనే ఉన్నా అందదు. మీ ఇంటి సామాను జాబితా రాసే ఆయన సాయంత్రం వస్తాడా? వచ్చి ఒక్కొక్క సామాను ఎదురుగా బాగుంది అనో, పగిలింది అనో రాసుకుంటాడా? రాసుకోనీ. ఈ గిన్నె సంగతి మాత్రం నన్నడిగి మంచిపని చేశావు. ఇది తెలిసినవాళ్ళం ముగ్గురం, అందులో ఇద్దరు పోయారు. కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు వదులు. నేను చేసిందేలే, సరిచేద్దాం సరిచేద్దాం అనుకుంటూ పదేళ్ళు గడిపేశాను. వడ్రంగి ఇంట్లో కుర్చీలు ఇలాగే ఉంటాయి.

మీ తాతయ్యని నువ్వు చూళ్ళేదుగా. నువ్వు పుట్టకముందే పోయాడు మా బావ. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు, కానీ ఊళ్ళో ఎవడూ అలా అనేవాడు కాదు. టింగు మాస్టారు అంటేనే తెలిసేది. ఎందుకంటే కనపడ్డ ప్రతిదాన్నీ గోటితో టింగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. హోటల్లో కాఫీ కప్పు కొట్టేవాడు, ఎవరింటికన్నా వెళ్తే వాళ్ళ పూలకుండీ కొట్టేవాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని, పక్కన ఉమ్మేసే పింగాణీ గిన్నె ఉంటుంది చూడు, దాన్ని కొట్టి "డాక్టరుగారూ, ఇది జీర" అన్నాట్ట, నోట్లో ఆ ఇనప సామానంతా పెట్టుకునే. మీ అమ్మమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఏమండీ, మీతో బజారుకి రావాలంటే నేను ముసుగేసుకోవాలి" అనేది. అనేది గానీ మానలేదు, ప్రతిసారీ వెళ్ళేది. ఆవిడ నాకు సొంత అక్క కదా, నాకు తెలీదూ.

జీర అంటే ఏంటంటావా? గొంతు జీరపోయింది అంటాం చూడు. కంట్లో ఎర్రజీర అని కూడా అంటాం. ఒకటి వినపడేది, ఒకటి కనపడేది. బావ ఆ రెండూ కలిపేశాడు. పైకి కనపడని సన్నటి పగులు గిన్నెలో ఉంటే, కొట్టినప్పుడు దాని గొంతు బొంగురుపోతుంది. అది జీర. బాగుంటే పలికింది. అంతే, మూడో మాట లేదు ఆయన దగ్గర. చైనావి, జపానువి, కొరియావి, ఎన్ని తెచ్చాడో! ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గరికి పోయేవాడు, పాత సామాన్ల కొట్లో దుమ్ములో కూర్చునేవాడు, ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్ళ అటకలెక్కేవాడు. ఏది చేతికొచ్చినా ముందు బోర్లా తిప్పేవాడు. "ముఖానికి రంగు ఎవడైనా పూస్తాడ్రా. అడుగు చూడు. అడుగున మట్టి తెలుస్తుంది, చేసినవాడి వేలిముద్ర తెలుస్తుంది" అనేవాడు. నేను చేసిన స్టూళ్ళు కూడా బోర్లా తిప్పి చూసేవాడు, నాకు మహా ఒళ్ళు మండేది.

ఇదిగో ఈ గిన్నె. ఎవరింట్లో దొరికిందో తెలుసా? ఓడలో వంటచేసి రిటైరైన ఒకాయన దీన్లో గడ్డం సబ్బు నురగ చేసుకునేవాడు! బావ ఆ నురగ కడిగి చూస్తే లోపల నీలం చేప. చూడు, అడుగున ఉంటుంది. చూశావా, దానికి కన్ను లేదు. గీసినవాడు మర్చిపోయాడు. ఎన్ని వందల ఏళ్ళ కిందటి వాడో. బావ డ్రాయింగు మాస్టారు కదా, పగలబడి నవ్వి "పాపం, బడిగంట కొట్టేసి ఉంటారు, వదిలేసి పరిగెత్తాడు" అన్నాడు. తెచ్చి అక్క చేతిలో పెట్టి "ఇది నీది. మిగతావన్నీ నావి, ఇదొక్కటే నీది" అన్నాడు. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళో ఏమో. అక్క దాన్లో తలపిన్నులు వేసుకునేది. కళ్ళు నెత్తికెక్కి తిరిగింది కొన్నాళ్ళు, దాన్ని అందరికీ చూపించుకుంటూ.

అప్పుడు బావ నాతో "ఒరేయ్, దీనికో పీట చెయ్యి, అద్దాల బీరువాలో పెడుతుంది మీ అక్క" అన్నాడు. నేనప్పుడే సొంతంగా పని మొదలెట్టినవాణ్ణి, ఒంట్లో పొగరు. మర్నాటికల్లా చేసిస్తానన్నాను. ఎండిన కర్ర లేదు నా దగ్గర. ఏం చేశానూ? పచ్చికర్రతో చేశాను. చిన్న గుండ్రటి పీట, మధ్యలో గాడి తవ్వి, గిన్నె అడుగు ఆ గాడిలో సరిగ్గా బిగిసి కూర్చునేలా. వెంట్రుక కూడా దూరదు. అదే నా గొప్ప! పచ్చికర్ర ఆరేకొద్దీ బిగుస్తుందని పనిలో చేరిన మొదటి నెలలో నేర్పుతారు. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం బావ స్కూల్లో ఉన్నాడు, నేనూ అక్కా ఆ గదిలోనే ఉన్నాం, బీరువాలోంచి 'టిక్'మని ఒక్క చప్పుడు. చిన్నదే. పీట పగలగొట్టి తీస్తే గిన్నె చక్కగా ఉంది, గీతైనా లేదు. అక్క గోటితో కొట్టింది. జీర.

నేను ఏడ్చేశాను తల్లీ, అబద్ధమెందుకు. ఇరవై రెండేళ్ళ వెధవని, గోడకి మొహం పెట్టి ఏడ్చాను. అక్క నా చెవి మెలేసింది. "నోరు మూసుకో. నీ పనంటే ఆయనకి ఎంత గొప్పో నీకు తెలుసా? స్కూల్లో అందరికీ చెప్పుకుంటారు. ఇది తెలిస్తే ఆయన ఏమీ అనరు. అనకపోవడమే నువ్వు భరించలేవు. గిన్నె నాది, పగిలితే నాకు పగిలింది. పో, ఇంకో పీట చెయ్యి" అంది. చేశాను. వదులుగా, లోపల మెత్తటి గుడ్డ వేసి. సాయంత్రం బావ వచ్చాడు, చూశాడు, ఊరుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాం.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు. ఎక్కడెక్కడినుంచో సామాను మోసుకొచ్చేవాళ్ళు, టింగు మాస్టారు పలికిందంటే పలికినట్టే. అలాంటి మనిషికి చెవులు పోయాయి. మెల్లగా పోయాయి, ముందు ఎడమది, తర్వాత రెండూ. ఒప్పుకుంటాడా? చచ్చినా ఒప్పుకోడు. మరెలా గడిచిందంటావు, మీ అమ్మమ్మ గడిపింది. వచ్చినవాళ్ళ వెనకాల పీటేసుకుని కూరగాయలు తరుగుతూ కూర్చునేది. బావ కొట్టేవాడు, గిన్నె చెవి దగ్గర పెట్టుకునేవాడు, ఓరకంట ఆవిడని చూసేవాడు. ఆవిడ చెంగు సర్దుకుంటే పలికినట్టు. చెవి కమ్మ ముట్టుకుంటే జీర. అప్పుడు ఈయన కళ్ళు మూసుకుని, తల పంకించి, పెద్ద ఆలోచించినట్టు చెప్పేవాడు! ఒకసారి ఎవరో పెద్దాయన పచ్చటి కొరియా కూజా తెచ్చాడు, అంతలో అక్కని చెవి మీద దోమ కుట్టి, చెయ్యి కమ్మ మీదికి పోయింది. "జీర" అన్నాడు బావ. ఆ పెద్దాయన మొహం పాలిపోయింది. అక్క చెంగు లాగుతోంది, సర్దుతోంది, భుజం మీంచి లాగి మళ్ళీ వేస్తోంది, ఈయన కళ్ళు తెరిస్తేగా! చివరికి వంకాయ ఒకటి ఆయన కాళ్ళ మీదికి దొర్లించింది. కళ్ళు తెరిచి, చూసి, "జీర... అనుకుంటారు తెలియనివాళ్ళు. పలికింది!" అన్నాడు. నేను పెరట్లోకి పరిగెత్తి నవ్వాను.

ఆఁ, ఎక్కడున్నాను? మ్యూజియం ఆయన. బావ సామానంతా మ్యూజియంకి ఇచ్చేద్దామనుకున్నాడు, అక్కడ ఒక గది కేటాయిస్తామన్నారు. వాళ్ళ ఆఫీసరు వచ్చాడు పుస్తకం పట్టుకుని. "మీరే ఒక్కొక్కటీ కొట్టి చెప్పండి మాస్టారూ, నేను రాసుకుంటా" అన్నాడు. మంచి చెవులున్న కుర్రాడు, ఈయన కొడుతుంటే పక్కనే వంగి వింటున్నాడు. నేను పెట్టెలు చేయడానికి వచ్చాను, నేల మీద కూర్చుని మేకులు కొడుతున్నాను. నలభై చిల్లర సామాను అయింది, ఒక్క తప్పు పోలేదు, చెంగు, కమ్మ, చెంగు, కమ్మ. అందరం అలిసిపోయాం. అప్పుడా ఆఫీసరు బీరువాలోకి చెయ్యిపెట్టి ఈ గిన్నె తీశాడు. "అరే, ఇది మర్చిపోయారు మాస్టారూ!" అని బావ చేతిలో పెట్టాడు.

ఆలోచించు నువ్వే. అక్క చెంగు సర్దుకుంటే ఈయన పలికింది అంటాడు, పక్కనున్నవాడు జీర వింటాడు, చెవులు పోయిన సంగతి బయటపడి ఆ ముప్పై ఏళ్ళ పేరూ పోతుంది. కమ్మ ముట్టుకుంటే నా సంగతి బావకి తెలిసిపోతుంది. అక్క చెయ్యి కత్తిపీట మీదే ఉండిపోయింది. అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. బావ గిన్నె మూడు వేళ్ళ మీద నిలబెట్టాడు, గోరు పైకెత్తాడు, అక్కని చూశాడు. చాలాసేపు చూశాడు. గోరు దించేశాడు. లేచి వెళ్ళి గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టి "ఇది జాబితాలోది కాదండీ, మా ఆవిడది. దీన్ని నేను కొట్టను" అన్నాడు. "ఒక్కసారి వింటానండీ" అన్నాడా కుర్రాడు. "అక్కర్లేదు. దీని గొంతు నాకు తెలుసు" అన్నాడు.

ఆ ఆఫీసరు వెళ్ళిపోయాక బావ నా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గుసగుసగా చెప్తున్నా అనుకున్నాడు పాపం, చెవుడు కదా, వీధి చివర్దాకా వినపడేలా అరిచాడు. "ఒరేయ్! ఆ మొదటి పీట పచ్చికర్ర కదూ!" నా చేతిలో సుత్తి జారింది. "బాగున్న పీట తీసేసి వడ్రంగి ఇంకోటి ఊరికే చేస్తాడా? ఆ సాయంత్రమే మీ అక్క స్నానానికెళ్ళినప్పుడు కొట్టి చూశా. అదే మొదలు, అదే ఆఖరు. నువ్వు మానేస్తావేమో పని అని ఊరుకున్నా. చూడూ, నాకు తెలుసని మీ అక్కకి చెప్పకు. బాధపడుతుంది!" అని కేకలు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అక్క రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏంటి, బావా బావమరుదులు రహస్యాలు?" అంది. "ఏం లేదే, పెట్టెలకి మేకులు చాల్లేదట" అన్నాడు. "అలాగా" అంది. అంతే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు ఇద్దరూ, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అలాంటి మనుషులు నాకు మళ్ళీ తగల్లేదమ్మా. ఎంత బెంగగా ఉంటుందో ఒక్కోరోజు.

అదీ సంగతి. సాయంత్రం ఆ జాబితా ఆయనకి ఏం రాయిస్తావో నీ ఇష్టం, ఇప్పుడది నీ గిన్నె. అయినా వాళ్ళున్న ముప్పై తొమ్మిదేళ్ళూ, పోయాక ఇంకో ఇరవై ఆరూ... ఇన్నేళ్ళయింది, నేనే మళ్ళీ వినలేదు దాన్ని. కొట్టు. పరవాలేదు, నేను చెప్తున్నాగా, కొట్టు ఒకసారి. ఊఁ, కొట్టవే.

కొట్టావా?

చున్నీ ఎందుకలా సర్దుకుంటున్నావు? నాకు బాగానే వినపడుతుంది. అదిగో, మళ్ళీ సర్దుతావు. అచ్చం మీ అమ్మమ్మవే... ఆ కుర్చీ ఇలా ఇవ్వు, దాని కాలు చూస్తాను.